అసెంబ్లీలో బిల్లు అంత తొందరగా ఎలా పాసైపోతుంది? అసలు ఎవరైనా చదువుతారా?

మానేరు_ఒడ్డు:

మాకు ఊళ్లో మూడెకరాలుంది. పాస్‌బుక్కులో విస్తీర్ణం తప్పు పడితే నాన్న చాలాకాలంగా దాని వెంట తిరుగుతున్నారు. అందుకే 2024 డిసెంబరులో తెలంగాణ భూమి రికార్డుల కోసం భూభారతి బిల్లు సభకు వచ్చినప్పుడు పని మానేసి మరీ లైవ్ పెట్టుకుని కూర్చున్నా. 18న బిల్లు పెట్టారు, 20న పాసైంది. ఆ 20వ తేదీన చూసిందేమిటంటే ఫార్ములా ఈ కార్ల రేసు కేసు మీద చర్చ కావాలని బీఆర్ఎస్ వాళ్ల నినాదాలు, గాల్లో కాగితాలు, తోపులాట, సభ వాయిదా, మళ్లీ మొదలవడం, రెవెన్యూ మంత్రి పొంగులేటి మాట్లాడటం, చివరికి మూజువాణి ఓటుతో ఆమోదం. ఏ సెక్షన్‌లో ఏముందో నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను ఏ పార్టీ మనిషినీ కాదు, కాబట్టి దయచేసి దీన్ని రాజకీయ గొడవ చేయకండి. నిజంగా తెలియక అడుగుతున్నా. బిల్లు సభలోకి రాకముందు ఏం జరుగుతుంది? మన ఎమ్మెల్యేలకు కాపీ ఎప్పుడిస్తారు, చదివే టైమ్ ఉంటుందా? మూజువాణి ఓటు అంటే గొంతులు లెక్కపెడతారా? అంత గోలలో స్పీకర్‌కి ఎవరు ఎస్ అన్నారో ఎవరు నో అన్నారో ఎలా తెలుస్తుంది? ఇంకోటి, శాసనమండలి ఒప్పుకోకపోతే బిల్లు ఆగిపోతుందా? టీవీలో "చారిత్రక బిల్లుకు ఆమోదం" అని స్క్రోలింగ్ వచ్చిన రోజు నుంచే అది చట్టమైనట్టా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాత_విలేకరి:

తమ్ముడూ, ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచి ప్రెస్ గ్యాలరీలో కూర్చున్నవాణ్ని, నాకు తెలిసింది చెప్తా. ముందు ఒకటి అర్థం చేసుకో, నువ్వు టీవీలో చూసేది చివరి అంకం. అసలు పని అంతకుముందే సచివాలయంలో అయిపోతుంది. సంబంధిత శాఖ ముసాయిదా రాస్తుంది, న్యాయశాఖ దాన్ని చట్టం భాషలో పెడుతుంది, ఖజానా మీద భారం పడేదైతే ఆర్థికశాఖ చూస్తుంది, ఆ తర్వాత కేబినెట్ ఆమోదం. మంత్రివర్గం ఊ అన్నాక అధికారపక్షానికి సభలో మెజారిటీ ఉంటే బిల్లు ఓడిపోవడమన్నది దాదాపు జరగదు. నీ భూభారతి విషయంలో నిజానికి కాస్త నయం, 2024 ఆగస్టులోనే ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగారు. చాలా బిల్లులకు అది కూడా ఉండదు, కేబినెట్ అయ్యాక పేపర్లో వస్తేనే మాకైనా తెలిసేది.

సభలో మూడు దశలుంటాయి. మంత్రి లేచి బిల్లును ప్రవేశపెట్టడానికి అనుమతి కోరతాడు, సభ సరే అంటుంది, అది మొదటిది. తర్వాత "బిల్లును పరిశీలనలోకి తీసుకోవాలి" అని ప్రతిపాదన పెడతాడు, ఇక్కడే చర్చ. పార్టీల బలాన్ని బట్టి టైమ్ పంచుతారు. ఏ రోజు ఏ బిల్లు, ఎంతసేపు అన్నది అంతకుముందే బీఏసీలో, అంటే సభా వ్యవహారాల కమిటీలో, మాట్లాడుకుని ఉంటారు. చర్చ అయ్యాక క్లాజుల వంతు. రూల్ ప్రకారం ఒక్కో క్లాజు సభ ముందు పెట్టి ఓటు తీసుకోవాలి. సవరణ ఇవ్వాలనుకున్న సభ్యుడు ముందుగానే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి, అక్కడికక్కడ లేచి "ఈ మాట తీసేయండి" అంటే కుదరదు. సవరణలేవీ లేకపోతే స్పీకర్ ఒక్క గుక్కలో కానిచ్చేస్తారు, "2 నుంచి 20 వరకు క్లాజులు బిల్లులో భాగం కావాలన్నది ప్రశ్న, అనుకూలురు ఎస్ అనండి, వ్యతిరేకులు నో అనండి, ఆమోదించడమైనది" అని. నువ్వు కూర్చున్న చోట నుంచి తల ఎత్తేలోపు అయిపోతుంది. ఆఖరున 1వ క్లాజు, పీఠిక, బిల్లు పేరు. ఒకటో క్లాజు ఎందుకు చివర అని కొత్త రిపోర్టర్లు అడుగుతుంటారు. అందులో ఉండేది చట్టం పేరు, ఎక్కడ వర్తిస్తుంది, ఎప్పటి నుంచి అమలు అనే సంగతులు కదా, మిగతా ఒళ్లంతా ఖరారయ్యాకే వాటి వంతు. తర్వాత బిల్లు మొత్తాన్ని ఆమోదించమని ప్రతిపాదన, అది మూడో దశ.

గొంతులు ఎవరూ లెక్కపెట్టరు. స్పీకర్ చెవికి ఏది పెద్దగా వినిపిస్తే అది. నిజం చెప్పాలంటే చెవి కూడా అక్కర్లేదు, ఎవరికి ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. కానీ సభ్యులు డివిజన్ అడగొచ్చు. అడిగితే బెల్ కొట్టి లాబీల్లో ఉన్నవాళ్లను లోపలికి పిలుస్తారు, లెక్క తీస్తారు. లెక్క తప్పనిసరైన సందర్భాలూ ఉన్నాయి. 2020 జనవరి 27న ఏపీ అసెంబ్లీలో మండలి రద్దు తీర్మానం పెట్టినప్పుడు సభ్యుల్ని నిలబెట్టి లెక్కపెట్టారు, 133 మంది అనుకూలం. దానికి మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి కాబట్టి మూజువాణి పనికిరాదు.

మరి మామూలు బిల్లుల మీద ప్రతిపక్షం డివిజన్ ఎందుకు అడగదంటావా? ఓడిపోతామని తెలుసు, పైగా అప్పటికే పోడియం దగ్గర ఉంటారు. నా మటుకు నాకు అది పెద్ద తప్పు. డివిజన్ అడిగితే ఎవరు ఎటున్నారో రికార్డులో పడుతుంది. మూజువాణిలో ఎవరి పేరూ ఉండదు. రేపు ఆ చట్టం బెడిసికొడితే "నేను అప్పుడే వ్యతిరేకించా" అని అందరూ చెప్పుకోవచ్చు.

చదువుతారా అని అడిగావు. ప్రతి పార్టీలోనూ ముగ్గురో నలుగురో ఉంటారు, కళ్లజోడు పెట్టుకుని పెన్నుతో గీతలు కొట్టి మరీ వస్తారు. వాళ్లు లేచి "అధ్యక్షా, 7వ క్లాజులో ఈ అధికారం తహసీల్దారుకే వదిలేస్తే ఎలా" అని అడిగినప్పుడు సభలో సగం సీట్లు ఖాళీగా ఉంటాయి, మాలో సగం మంది క్యాంటీన్‌లో ఉంటారు. అది మా తప్పు కూడా.

చాయ్_చప్పరింపు:

మా ఎమ్మెల్యేకి బిల్లు కాపీ ఇస్తే దాన్ని విసనకర్రగా వాడటం నేను లైవ్‌లో కళ్లారా చూశా, ఏసీ హాల్లో.

వరంగల్_వకీలు:

పాత విలేకరి గారు సభ లోపలి సంగతి చెప్పారు, సభ బయటిది నేను చెప్తాను. ఎందుకంటే మానేరు గారి చివరి ప్రశ్నే అసలైన ప్రశ్న. రెండు సభల్లో పాసైనంత మాత్రాన అది చట్టం కాదు. గవర్నర్ సంతకం కావాలి, గెజిట్‌లో రావాలి, ఆపైన చాలా చట్టాల్లో "ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమల్లోకి వస్తుంది" అని ఉంటుంది, ఆ నోటిఫికేషన్ కూడా రావాలి. భూభారతినే తీసుకోండి. 2024 డిసెంబరులో పాసైంది, 2025 జనవరిలో గవర్నర్ ఆమోదం వచ్చింది, అమల్లోకి వచ్చింది 2025 ఏప్రిల్ 14న. మధ్యలో ఆ మూడు నాలుగు నెలలూ నా దగ్గరికి వచ్చిన క్లయింట్లు "కొత్త చట్టం వచ్చింది కదా సార్" అంటూనే ఉన్నారు.

గవర్నర్ దగ్గర ఆర్టికల్ 200 కింద ఉండే దారులు మూడు. సంతకం పెట్టడం, మళ్లీ ఆలోచించమని సభకు తిప్పి పంపడం (పన్నులు, ఖజానా డబ్బుకు సంబంధించిన ద్రవ్య బిల్లయితే తిప్పి పంపలేరు), రాష్ట్రపతి పరిశీలనకు పంపడం. తిప్పి పంపిన బిల్లును సభ మళ్లీ పాస్ చేసి పంపితే ఆమోదం ఇవ్వకుండా నిలిపేయడానికి వీల్లేదు. కానీ ఏ పనీ చేయకుండా ఫైలు అలా పెట్టుకుంటే? అదే కదా గొడవంతా. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ బిల్లుల మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏప్రిల్‌లో కోర్టు, రాజ్యాంగంలో "వీలైనంత త్వరగా" అని ఉన్న సంగతి గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జిల బెంచ్ గడువులు పెట్టింది, అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబుగా ఐదుగురు జడ్జిల బెంచ్ కోర్టులు గడువు పెట్టలేవని, సంతకం పెట్టినట్టే భావించడం కూడా కుదరదని చెప్పింది. అయితే కారణం లేకుండా మరీ సాగదీస్తే ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు చెప్పగలదని కూడా అంది. అంటే తలుపు మూసి గడియ పెట్టలేదు.

రాష్ట్రపతి దారిలో పడితే ఇక ఎప్పుడొస్తుందో చెప్పలేం, అక్కడికి కాలపరిమితి లేదు. మహిళలపై నేరాలకు వేగంగా శిక్షలు పడాలని తెచ్చిన ఏపీ దిశ బిల్లు గుర్తుందా? 2019 డిసెంబరు 13న అసెంబ్లీ పాస్ చేసింది. శిక్షలు, కోర్టు విచారణ అన్నవి కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోవి, కేంద్ర చట్టంతో తేడా వస్తుంది కాబట్టి రాష్ట్రపతి ఆమోదం తప్పనిసరి. ఆ ఆమోదం రాలేదు. కానీ ఏళ్ల తరబడి జనం నోట్లో అది "దిశ చట్టం". తెలంగాణలో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు 2025 మార్చి 17న అసెంబ్లీలో పాసయ్యాయి, అన్ని పార్టీలూ మద్దతిచ్చాయి, అవీ రాష్ట్రపతికి వెళ్లాయి. స్థానిక ఎన్నికల కోసం ప్రభుత్వం సెప్టెంబరులో అదే కోటాతో జీవో 9 ఇస్తే అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. సభలో ఏకాభిప్రాయం ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు.

ఇక మీ పొలం సంగతి. బిల్లు పీడీఎఫ్ తెరిస్తే "నిర్దేశించిన విధంగా", "నిర్దేశించిన గడువులోగా" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. దానర్థం ఆ సంగతి చట్టంలో లేదు, తర్వాత ప్రభుత్వం తయారుచేసే రూల్స్‌లో ఉంటుంది. దరఖాస్తు ఎవరికి పెట్టాలి, ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లో తేల్చాలి, నోటీసు ఎలా ఇవ్వాలి, ఇవన్నీ చాలావరకు రూల్స్‌లోనే. సామాన్యుడికి తగిలేది ఆ భాగమే. ఆ రూల్స్ మీద సభలో చర్చ జరగడం నేను ఎప్పుడూ వినలేదు. సభ ముందు ఉంచాలని చట్టంలో ఓ వాక్యం ఉంటుంది, "సభకు సమర్పించిన పత్రాలు" అనే కట్టలో ఉంచుతారు, అంతే. అందుకని టీవీలో చర్చ చూసి చట్టం తెలుసుకోవాలనుకోవడం వృథా ప్రయాస, రూల్స్ చదవండి. మీ నాన్నగారి కేసులో విస్తీర్ణం సవరణకు దరఖాస్తు, దాని మీద అప్పీలు ఎవరికి అన్నదే చూసుకోవాల్సింది. దీనికి ముందున్న 2020 చట్టంలో (ధరణి కాలంది) రెవెన్యూ కోర్టులు తీసేసి జనాన్ని సివిల్ కోర్టుకు పంపారు, ఇప్పుడు అప్పీలు దారి మళ్లీ తెరిచారు. అది మీకు పనికొచ్చే మార్పు.

మానేరు_ఒడ్డు:

వకీలు గారూ, చాలా థ్యాంక్స్ అండీ, రూల్స్ సంగతి నాకసలు తట్టలేదు. ఇంకో డౌట్. ప్రతిపక్షం మొత్తం వాకౌట్ చేసి వెళ్లిపోతే బిల్లు ఆగదా? కోరం అంటారు కదా?

బెజవాడ_బెంజ్‌సర్కిల్:

ఆగదు బ్రదర్. కోరం అంటే సభలో పదో వంతు లేదా పది మంది, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. ఏపీలో 175 సీట్లకు 18 మంది, మీ తెలంగాణలో 119కి 12 మంది. అధికారపార్టీ క్యాంటీన్ నుంచి పిలిచినా అంతమంది వస్తారు. మా దగ్గర గత రెండు సభల్లోనూ ప్రతిపక్ష నాయకుడు ఏదో ఒక దశలో సభకు రావడం మానేశాడు, 2017లో జగన్, 2021లో చంద్రబాబు, బిల్లులు మాత్రం ఒక్కరోజు ఆగలేదు. కారణాలు వాళ్లవి వాళ్లకున్నాయి, నేను అటు వెళ్లను.

మండలి గురించి అడిగావు కదా, దానికి 2020ని మించిన పాఠం లేదు. మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు జనవరి 20న అసెంబ్లీలో పాసయ్యాయి. మర్నాడు మండలికి వచ్చాయి. 58 మంది ఉండే మండలిలో వైసీపీకి అప్పట్లో తొమ్మిది మందే, టీడీపీదే పైచేయి. బిల్లు పరిశీలనకు రాకముందే టీడీపీ రూల్ 71 కింద ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకిస్తూ నోటీసు ఇచ్చింది. ఆ రోజంతా దాంతోనే గడిచింది. 22న చంద్రబాబు గ్యాలరీలో కూర్చుని ఉండగా, మంత్రులు పోడియం దగ్గర అరుస్తుండగా, ఛైర్మన్ షరీఫ్ రూల్ 154 కింద తన విచక్షణాధికారంతో రెండు బిల్లుల్నీ సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును విడిగా పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపుతున్నానన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ఆపలేదు, అమరావతిలో పొలం ఇచ్చిన చుట్టాలు ఫోన్ల మీద ఫోన్లు.

అయితే గెలిచామనుకున్నవాళ్లు చూడనిది ఆర్టికల్ 197. మామూలు బిల్లును మండలి మూడు నెలలు ఆపగలదు. ఆ గడువు దాటినా, తిరస్కరించినా, అసెంబ్లీకి నచ్చని సవరణలు చేసినా, అసెంబ్లీ రెండోసారి పాస్ చేసి పంపొచ్చు. ఈసారి మండలికి నెల రోజులే. ఆ నెలలో మండలి ఏం చేసినా, చేయకపోయినా రెండు సభల్లో పాసైనట్టే లెక్క. పార్లమెంటులో లాగా ఉభయ సభల ఉమ్మడి సమావేశం పెట్టే ఏర్పాటు రాష్ట్రాల్లో లేదు, అసెంబ్లీ మాటే చెల్లుతుంది. సరిగ్గా అదే జరిగింది. సెలెక్ట్ కమిటీ అసలు ఏర్పడనే లేదు, రూల్స్ ప్రకారం లేదని మండలి సచివాలయమే ఫైలు వెనక్కి పంపింది. జూన్ 16న అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది. 17న మండలిలో గందరగోళం, బిల్లులు తీసుకోకుండానే నిరవధిక వాయిదా. నెల గడిచింది, గవర్నర్ దగ్గరికి వెళ్లింది, జులై 31న సంతకం పడింది. మండలి సాధించింది ఆరు నెలల టైమ్. అది తక్కువేం కాదంటాను, ఆ ఆరు నెలల్లో రైతులు కోర్టు మెట్లెక్కారు, లాయర్లు కాగితాలు సిద్ధం చేసుకున్నారు. చివరికి 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాలను వెనక్కి తీసుకుంటూ ఇంకో బిల్లు పెట్టింది.

జూన్ 17న ఇంకో తమాషా జరిగింది. ఆ గొడవలో ద్రవ్య వినిమయ బిల్లు కూడా మండలిలో పాసవకుండా మిగిలిపోయింది. ద్రవ్య బిల్లుకు మండలికి 14 రోజులే గడువు, ఆ తర్వాత పాసైనట్టే. ఆ 14 రోజులూ జులై ఒకటి మీదకు వచ్చిపడ్డాయి. ఖజానా నుంచి డబ్బు తీసే అనుమతి లేదు, ఆ నెల ఉద్యోగుల జీతాలు, పెన్షన్లు ఆలస్యం. అంతవరకు మండలి అంటే ఏమిటో పట్టించుకోని మా పక్కింటి రిటైర్డ్ మాస్టారికి అప్పుడు ఆర్టికల్ 198 నోటికొచ్చేసింది.

చరిత్ర కావాలంటే, మా మండలి 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయింది, 2007లో వైఎస్ హయాంలో మళ్లీ వచ్చింది, 2020లో పొమ్మని తీర్మానం చేశారు, 2021లో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకున్నారు. అప్పటికి మండలిలో వైసీపీ బలం పెరిగింది మరి.

టెక్సస్_తెనాలి:

వాకౌట్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడి ముచ్చట. మేం ఉండేది డాలస్ పక్కన. టెక్సస్ ప్రతినిధుల సభలో 150 మంది, కోరం మూడింట రెండొంతులు, అంటే వంద మంది ఉంటే గానీ సభ నడవదు. అందుకని ఇక్కడ వాకౌట్‌కి పదునుంది. 2021 జులైలో ఎన్నికల బిల్లు ఆపడానికి డెమొక్రాట్లు విమానమెక్కి వాషింగ్టన్ వెళ్లిపోయారు. 2025 ఆగస్టులో నియోజకవర్గాల హద్దుల బిల్లు మీద మళ్లీ అంతే, ఈసారి ఎక్కువమంది ఇల్లినాయ్ వెళ్లారు. రాష్ట్రంలో ఉంటే పట్టుకొచ్చి కూర్చోబెట్టే అధికారం సభకు ఉంటుంది, అందుకే సరిహద్దు దాటడం. రెండుసార్లూ చివరికి బిల్లు పాసైంది, అది వేరే సంగతి.

నాకు ఇక్కడ నచ్చింది మాత్రం అది కాదు. గవర్నర్ పిలిచే ప్రత్యేక సమావేశాలు వదిలేస్తే శాసనసభ రెండేళ్లకోసారి, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. కానీ కమిటీలో విచారణ లేకుండా బిల్లు ముందుకు కదలడం అరుదు. ఆ విచారణకు ఎవరైనా వెళ్లి పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక ఆంటీ స్కూలు బిల్లు ఒకదాని మీద ఆస్టిన్ వెళ్లి రెండు మూడు నిమిషాలు మాట్లాడొచ్చింది, ఇంగ్లీషు అంత గొప్పగా రాదు, రాసుకెళ్లి చదివింది. పైగా సెషన్ మొదటి 60 రోజుల్లో, గవర్నర్ అత్యవసరమన్నవి తప్ప, మామూలుగా బిల్లుల మీద సభలో ఓటింగ్ పెట్టరు. ముందు చదవండి అని. ఇక్కడంతా బంగారమని అనట్లేదు, లాబీయిస్టుల గోల ఇక్కడా ఉంది, హద్దుల బిల్లులో ఏం జరిగిందో చూశాం. కాకపోతే భూమి బిల్లు లాంటిది వస్తే మానేరు తమ్ముడి నాన్నగారు వెళ్లి మాట్లాడే కుర్చీ ఒకటి మన సభల్లో ఎక్కడుంది?

పాత_విలేకరి:

అమ్మా, అంత దూరం వెళ్లక్కర్లేదు, కేరళ ఉంది. అక్కడ 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలున్నాయి, బిల్లు సభలో పెట్టాక మామూలుగా కమిటీకి వెళ్లి వస్తుంది. పీఆర్ఎస్ సంస్థ ఏటా రాష్ట్రాల అసెంబ్లీల లెక్కలు తీస్తుంది, దేశం మొత్తమ్మీద దగ్గరదగ్గర సగం బిల్లులు పెట్టిన రోజో మర్నాడో పాసైపోతున్నాయి. మన దగ్గర సెలెక్ట్ కమిటీ అన్న మాట వినిపించేది ఆపడానికే గానీ చదవడానికి కాదు, బెజవాడ తమ్ముడు చెప్పిన కథే సాక్ష్యం.

ఎమ్మెల్యేలు సొంతంగా మాట్లాడరేమని అడుగుతారు. 1985 నుంచి రాజ్యాంగంలో పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ఉంది. పార్టీ విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) జారీచేశాక దానికి వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. ఫిరాయింపులు ఆగాయా అంటే మనకు తెలుసు, ఆగింది మాత్రం అధికారపక్షంలో కూర్చుని సొంత ప్రభుత్వ బిల్లుకు సవరణ ఇచ్చే అలవాటు. బిల్లు మీద మాట్లాడినంత మాత్రాన మామూలుగా సభ్యత్వం పోదు, విప్‌ను కాదని ఓటేస్తేనో ఓటుకు దూరంగా ఉంటేనో పోవచ్చు, కానీ భయం మాట దగ్గరే మొదలవుతుంది.

కరీంనగర్_కామన్‌మ్యాన్:

చర్చ చర్చ అంటున్నారు, ఉమ్మడి అసెంబ్లీ చివర్లో రాష్ట్ర విభజన బిల్లు మీద వారాల తరబడి చర్చ పెట్టారు, తొమ్మిది వేలకు పైగా సవరణలు వచ్చాయి, 2014 జనవరి 30న మూజువాణితో తిరస్కరించారు. ఏమైంది? తెలంగాణ వచ్చింది. చర్చలతో ఏదీ ఆగదు, బలం ఎటుంటే అటే.

వరంగల్_వకీలు:

అది వేరే జాతి బిల్లు అన్నా. ఆర్టికల్ 3 కింద పార్లమెంటు చేయాల్సిన బిల్లును రాష్ట్రపతి అభిప్రాయం కోసం అసెంబ్లీకి పంపారు, జనవరి 23 వరకు గడువిచ్చి తర్వాత వారం పొడిగించారు. ఒప్పుకోవడానికీ తిరస్కరించడానికీ అసెంబ్లీకి అధికారమే లేదు, అభిప్రాయం చెప్పడం వరకే. కాబట్టి దాంతో పోల్చకండి. రాష్ట్రం తన పరిధిలో చేసుకునే బిల్లుల్లో సభలో అడిగిన ప్రశ్నకు విలువుంటుంది. మంత్రి సభలో ఇచ్చిన వివరణను, సెక్షన్ అర్థం స్పష్టంగా లేనప్పుడు, మేం కోర్టులో చూపిస్తాం, జడ్జిలు కొన్నిసార్లు పట్టించుకుంటారు. హామీల అమలు చూసే కమిటీ కూడా సభకు ఉంటుంది. అడిగినవాడు లేకపోతే ఆ వివరణే ఉండదు.

ఆర్టీసీ కార్మికుల విలీనం బిల్లు చూడండి, 2023 ఆగస్టు. అది ఆర్థిక బిల్లు, గవర్నర్ సిఫారసు లేనిదే సభలో పెట్టడానికి వీల్లేదు, ఆర్టికల్ 207. గవర్నర్ తమిళిసై పెన్షన్ ఏమిటి, ప్రమోషన్లు ఏమిటి, ఆస్తులు ఏమవుతాయి అని వివరణలు అడిగారు, కార్మికులు రాజ్‌భవన్ ముందు ధర్నా చేశారు, 6న అనుమతి వచ్చింది, ఆ రోజే సభ పాస్ చేసింది. ఆమె అడిగిన ప్రశ్నలు మంచివే, అడగాల్సిన చోటు మాత్రం అసెంబ్లీ. సభలో ఎవరూ అడగనప్పుడు ఆ పని గవర్నర్ చేతికో కోర్టు చేతికో పోతుంది, తర్వాత మనమే వాళ్లెవరు అడగడానికి అంటాం.

మానేరు_ఒడ్డు:

బిల్లు, రూల్స్ రెండూ డౌన్‌లోడ్ చేశా. అప్పీలు గడువు ఎప్పటి నుంచి లెక్కేస్తారు సార్, ఆర్డర్ వచ్చిన తేదీ నుంచా, అది మన చేతికి అందిన తేదీ నుంచా?

వరంగల్_వకీలు:

ఆర్డర్ కాపీ, అది అందినట్టు రుజువు రెండూ దగ్గర పెట్టుకోండి, సెక్షన్‌లో ఏ మాట వాడారో దాన్ని బట్టి ఉంటుంది. ఆ పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, పేర్లు, సర్వే నంబరు కనపడకుండా. చూసి చెప్తాను.